టీబీ రోగి కంచంలో ఏముందో ఎవరు చూడాలి?

"అన్నం సరిగ్గా తింటున్నారా బాబాయ్?"

"ఆ, తింటున్నానమ్మా."

మా బాబాయికి టీబీ అని తేలిన మూడో వారంలో ఇంటికొచ్చిన ఆశా వర్కర్ ఆయన తిండి గురించి అడిగింది ఇంతే. ఆ తర్వాత మాత్రల స్ట్రిప్పు తెప్పించుకుని, ఎన్ని వేసుకున్నాడో, ఎన్ని మిగిలాయో జాగ్రత్తగా చూసి రాసుకుంది. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. చేతిలో ఉన్న కాగితంలో మాత్రలకు గడులున్నాయి, తిండికి లేవు.

ఆమె వెళ్లాక పిన్నిని కూర్చోబెట్టి, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి బాబాయి ఏం తిన్నాడో వరసగా చెప్పమన్నాను. పొద్దున రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం చారన్నం. పప్పు వండలేదా అంటే, "వండాను, ఆయన ముట్టుకోలేదు. మాత్రలు వేసుకుంటే నోరంతా చేదుగా ఉంటోందట" అంది. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి పల్చటి మజ్జిగ పోసుకుని నాలుగు ముద్దలు. ఎంత అన్నం తిన్నాడని అడిగితే "ఒక ప్లేటు" అంటారు. దాంతో లెక్క తేలదు. కుక్కర్లో ఎన్ని గ్లాసుల బియ్యం పోశావు, ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది, ఆయనకు ఎన్ని గరిటెలు వడ్డించావు అని అడగాలి. అలా అడిగి కూడితే రోజంతా కలిపి సుమారు 800 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ తేలింది. ఐదడుగుల ఐదంగుళాల మనిషి 41 కిలోలున్నాడు. అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ లెక్కలో 15. అది 18.5 కంటే తక్కువుంటే పోషకాహార లోపం అంటారు, 16 కూడా లేకపోతే తీవ్రమైన లోపం. ఇంట్లో అందరం కలిసి కూర్చునే తింటున్నాం కదా, ఆయన కంచంలో ఏం తగ్గిపోతోందో మాలో ఒక్కరం కూడా గమనించలేదు.

నేను అడిగిన పద్ధతి కొత్తదేం కాదు. గడిచిన 24 గంటల్లో తిన్నదంతా గుర్తు చేయించి రాసుకునే ఈ పద్ధతిలోనే 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వేలు చేసింది. దానికి కేంద్రం హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. సర్వే సిబ్బంది కొలత గిన్నెలు పట్టుకుని ఊరూరా తిరిగి, వాటిని ఇల్లాలి ముందు పెట్టి "ఇందులో ఎంత?" అని అడిగేవారు. మన ఊళ్లలో ఇన్నేళ్లు వాడిన ఆ పద్ధతి ఇంట్లో ఉండి మందులు వాడుతున్న రోగి దాకా ఎందుకు రాలేదన్నదే నా బాధ.

బరువు చూడటం లేదని కాదు. టీబీ మాత్రల మోతాదు బరువును బట్టే ఇస్తారు. 35 నుంచి 49 కిలోల వారికి రోజుకు మూడు, 50 నుంచి 64 కిలోల వారికి నాలుగు. కాబట్టి మొదటి రోజే తూకం వేస్తారు. కానీ అక్కడ 41 అనే అంకె ఎన్ని మాత్రలివ్వాలో చెప్పడానికే పనికొస్తోంది. ఈ మనిషి ఆకలితో ఉన్నాడని కూడా అదే అంకె చెబుతోంది. ఆ మాట వినేవాళ్లు లేరు.

వింటే ఏమవుతుందో ఝార్ఖండ్‌లో తేలింది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవల బృందం 2019 నుంచి 2022 వరకు నాలుగు జిల్లాల్లో 'రేషన్స్' పేరుతో అధ్యయనం చేసింది. 2,800 మంది రోగులకు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె అన్నీ కలిపి నెలకు 10 కిలోల చొప్పున ఇచ్చారు. వారు రోజూ తినే తిండికి అదనంగా 1,200 కేలరీలు, 52 గ్రాముల ప్రొటీన్ అందేలా లెక్క కట్టారు. చికిత్స మొదలైన రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారికి చనిపోయే ముప్పు 61 శాతం తక్కువని తేలింది. 41 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండు కిలోలు. ఇంట్లో మిగతావారికీ మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చిన కుటుంబాల్లో, రోగికి మాత్రమే సరుకులిచ్చిన కుటుంబాలతో పోలిస్తే కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. వాడింది మన వంటింట్లో ఉండే సరుకులే.

ఇందులో బియ్యం మనకు కొత్తగా వెతుక్కోవాల్సిన పని లేదు. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోలు వస్తున్నాయి. రానిది ఆ కిలోన్నర పప్పు.

టీబీ రోగుల తిండి ఖర్చు కోసం పెట్టిన నిక్షయ్ పోషణ్ యోజన కింద కేంద్రం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసింది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. మంచి పనే, కాదనను. కానీ రోజుకు 33 రూపాయలు. రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు కొంటే అయిపోతుంది. కూలికి వెళ్లే మనిషి మంచాన పడ్డ ఇంట్లో ఆ డబ్బు గ్యాస్ బండకో, పిల్లల ఫీజుకో పోతే తప్పెలా అంటాం? కంచం చూడకుండా ఖాతా చూస్తే డబ్బు వేశామన్న సంగతే తెలుస్తుంది.

డబ్బుతో తీరనిది ఇంకోటుంది. పథ్యం. "లంఖణం పరమౌషధం" అన్న మాట మన ఇళ్లలో ఇంకా నడుస్తోంది. ఒకటి రెండు రోజుల జ్వరానికైతే సరిపెట్టుకోవచ్చు, ఆరు నెలలు మందులు వాడాల్సిన మనిషికి ఆ మాట చెప్పడం ప్రమాదం. పప్పు తింటే చీము పడుతుందంటారు, గుడ్డు వేడి అంటారు, చేప వద్దంటారు. ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన వారికీ, పక్షవాతంతో మంచం మీదున్న పెద్దవారికీ ఇదే వరస. ఏది తీసేస్తున్నామో చూడండి. ప్రొటీన్ ఉన్నవే ఏరి ఏరి తీసేస్తున్నాం. ఇవన్నీ ప్రేమతో చేస్తున్నవే, అందుకే మానిపించడం కష్టం. ఇంట్లో ఏం మానేశారో ఎవరైనా కూర్చుని అడిగితే తప్ప ఈ సంగతి బయటికి రాదు.

అడిగే పని ఆశా వర్కర్ల నెత్తిన ఊరికే పడేయడం నాకు ఇష్టం లేదు. వారికి ఇప్పటికే మోయలేనంత పని ఉంది. పల్లె దవాఖానాల్లో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో నెల నెలా మందులకు వచ్చే రోగితో పది నిమిషాలు కూర్చోవచ్చు. ఒక తూకం మిషన్, రెండు కొలత గిన్నెలు, నిన్నటి తిండి రాయడానికి కార్డులో నాలుగు గీతలు చాలు. రాసినవారికి పారితోషికం ఇవ్వాలి. బరువు పెరగకపోతే వచ్చే నెల దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

మా ఇంట్లో మాత్రల టైము మార్చే విషయం డాక్టరుతో మాట్లాడాం. పప్పు గట్టిగా వండి ముద్దలు కలిపి పెట్టాం, రోజుకు రెండు గుడ్లు ఇచ్చాం. రెండో నెల ఆఖరుకి బాబాయి 43న్నర కిలోలకు వచ్చాడు. ఆ రోజు ఊరికే పిన్నిని కూడా మిషన్ ఎక్కించాం. 38 కిలోలు. ఆ రెండు నెలలూ ఆమె అందరికీ పెట్టి, మిగిలిన చారుతోనే తిన్నది. ఆ అంకె ఎక్కడ రాయాలని అడిగితే అక్కడున్న నర్సమ్మ కార్డు ఇటూ అటూ తిప్పి చూసింది. పిన్నికి కార్డు లేదు.