సవరణ: వడగట్టిన సాల్వెంట్ గురించి
మొన్నటి పోస్టులో ఒక మాట తప్పు రాశాను. మా వరంగల్ షెడ్డులో బేరింగులు కడిగిన సాల్వెంట్‌ను (గ్రీజును కరిగించే ద్రవాన్ని) వడగట్టి మళ్లీ వాడుతున్నాం కాబట్టి ఇక ప్రమాదకర వ్యర్థమే ఉండదన్నాను. అది నిజం కాదు. ఫిల్టర్ ఇనుప రజనును, మట్టిని ఆపుతుంది గానీ కరిగిపోయిన గ్రీజును ఆపదు, అందుకే కొన్నిసార్లు వాడాక సాల్వెంట్ డికాషన్ రంగుకు తిరిగి, కడిగిన బేరింగు మీద వేలు పెడితే జిడ్డు తగులుతుంది. అప్పుడిక డిస్టిలేషన్, అంటే మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి శుభ్రమైన సాల్వెంట్ తీయడం, చేయించాల్సిందే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఇప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, డబ్బా అడుగున మిగిలే నల్లటి మడ్డి కూడా వాటి కిందికే వస్తుందట. మామూలుగా 90 రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు, అనుమతి ఉన్నవాళ్లకే అప్పజెప్పాలి, చెత్తబండిలో వేయడం కుదరదు. ముందే చదవకపోవడం నా పొరపాటు. కొత్త సాల్వెంట్ కొనడం తగ్గిందని ఆ పోస్టులో అన్న మాట మాత్రం నిజమే.