చూపు లేని అమ్మ, ముందుచూపున్న శాఖ

అమెరికాలోని శిశు సంక్షేమ శాఖలను అందరూ ఆడిపోసుకునేవారే గానీ వాటి ముందుచూపును మెచ్చుకునేవారు లేరు. 2010లో మిస్సోరీలో ఓ అంధ దంపతులకు పాప పుట్టింది. తల్లి పాలు పట్టబోయి తడబడింది. తొలి కాన్పులో అది మామూలే అంటారా? చూపున్నవాళ్లకు మామూలు. ఇక్కడ మాత్రం రెండు రోజుల పసికందును ఫాస్టర్ కేర్‌కు, అంటే ప్రభుత్వం చూపించే తాత్కాలిక పెంపకానికి తరలించారు. 57 రోజుల తర్వాత తిరిగిచ్చారు. ఈలోగా తల్లికి గానీ తండ్రికి గానీ చూపు వచ్చిన దాఖలాలు లేవు. మరి ఎందుకిచ్చినట్టో!

ఇంట్లో ఆయాను పెట్టుకుంటే అది హోదా. చక్రాల కుర్చీలో ఉన్న తల్లి సహాయకురాలిని పెట్టుకుంటే మాత్రం 'సొంతంగా పెంచలేదు' అన్నమాట. మసాచుసెట్స్‌లో మేధో వైకల్యం ఉన్న ఓ యువతికి బిడ్డ పుడితే, అమ్మమ్మ ఉద్యోగం మానుకుని మరీ తోడు నిలబడింది. అయినా శాఖ బిడ్డను తీసుకుపోయింది. ఇది వైకల్య వివక్ష నిషేధ చట్టానికి విరుద్ధమని 2015లో ఫెడరల్ ప్రభుత్వమే తేల్చింది. ఆ చట్టం 1990 నాటిది. పాతికేళ్లంటే శాఖల లెక్కలో ఎంత, ఒక ఫైలు ఓ బల్ల మీంచి ఇంకో బల్ల మీదకు వెళ్లేంత!

అన్నీ అంత నిదానం కాదులెండి. 1997 నాటి చట్టం ప్రకారం, గత 22 నెలల్లో బిడ్డ 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో ఉంటే తల్లిదండ్రుల హక్కుల రద్దుకు శాఖ పిటిషన్ వేయాలి. మినహాయింపులున్నాయి. తల్లిదండ్రులకు అందాల్సిన సేవలు శాఖే అందించకపోతే పిటిషన్ వేయక్కర్లేదు. వేయకూడదని మాత్రం లేదు, గమనించగలరు. శిక్షణ తరగతికి వెయిటింగ్ లిస్టు ఉంటుంది, సైగల భాష అనువాదకుడు దొరకడు. క్యాలెండర్ మాత్రం సెలవు పెట్టదు.

తల్లిదండ్రుల వైకల్యం కారణంగా బిడ్డను వేరు చేయరాదని, పెంపకంలో వాళ్లకు ప్రభుత్వమే సాయపడాలని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 23వ అధికరణం చెబుతుంది. అమెరికా 2009లో దానిపై సంతకం చేసింది. 2012లో సెనేట్ ఆమోదం దొరకలేదు. పెన్ను మాత్రం బాగానే పనిచేసింది.

ఇప్పుడు కొత్త తలనొప్పి. మూసధోరణితో, అపోహలతో ఇలాంటి నిర్ణయాలు తీసుకోవద్దని 2024లో ఫెడరల్ ఆరోగ్య శాఖ నిబంధన తెచ్చింది. అపోహలు తీసేస్తే రిపోర్టులో ఏం రాయాలి? పాపం, సిబ్బంది ఆ ఇంటికి వెళ్లి, కూర్చుని, ఆ తల్లి బిడ్డను ఎలా పెంచుతోందో స్వయంగా చూడాల్సి వస్తుంది.