చివరి సిపాయి పేరేమిటి?

2009 జూలై 25న హ్యారీ ప్యాచ్ 111 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు, మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో పోరాడిన తమ చివరి సైనికుడు వెళ్లిపోయాడని బ్రిటన్ అంతటా తెలిసింది. ఆ ముందు ఏడాది లజార్ పొంటిసెల్లికి ఫ్రాన్స్, 2011లో ఫ్రాంక్ బకల్స్‌కు అమెరికా అలాగే వీడ్కోలు పలికాయి. అదే యుద్ధానికి దాదాపు 13 లక్షల మందిని పంపి, 74 వేల మందికి పైగా పోగొట్టుకున్న మన దేశంలో మాత్రం చివరి సిపాయి ఎప్పుడు, ఏ ఊళ్లో ప్రాణం విడిచాడో చెప్పగలవారు లేరు. మరచిపోవడానికైనా ముందు తెలుసుకొని ఉండాలి; మనం వారిని అడగనేలేదు.

అడిగినవారు ఎవరో చూస్తే మనసు కలుక్కుమంటుంది. బెర్లిన్ సమీపాన వున్స్‌డార్ఫ్ యుద్ధఖైదీల శిబిరంలో జర్మన్ పండితులు భారతీయ బందీల గొంతులను రికార్డు చేశారు. 1916 డిసెంబరు 11న మల్ సింగ్ అనే పంజాబీ సిపాయి, తన గోడునే ఎవరో పరాయివాడి కథలా మొదలుపెట్టి, హిందుస్థాన్‌లో వెన్న తిన్న ఆ మనిషి ఇప్పుడు ఇల్లు చేరాలని కోరుకుంటున్నాడని చెప్పుకొన్నాడు. ఆ గొంతు నేటికీ బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. ఫ్రాన్స్ నుంచి సిపాయిలు ఇళ్లకు రాసిన ఉత్తరాలు కూడా, సైనిక సెన్సారు అధికారులు తర్జుమా చేయించి చదివారు గనుకనే, లండన్‌లో మిగిలాయి. శత్రువు బంధించి ఒక జాడ ఉంచాడు, పాలకుడు అనుమానించి మరొక జాడ ఉంచాడు. కన్నఊరు ఉంచిన జాడ ఎక్కడ?

జీతానికి పరాయి ప్రభుత్వం తరఫున పోరాడినవారిని ఎందుకు స్మరించాలని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసివేయలేము. అయితే 1918లో సైన్యంలో చేరమని ఖేడా జిల్లాలో గాంధీజీయే ఊరూరా తిరిగి చెప్పారు. పైగా సాక్ష్యం నమోదు చేయడం సన్మానం చేయడం కాదు. ఆకలా, అప్పా, పెద్దల ఒత్తిడా, ఏది ఆ కుర్రవాణ్ని ఓడ ఎక్కించిందో చెప్పగల సాక్షి అతడొక్కడే.

మన చరిత్రలో చాలా భాగం సర్కారు కాగితాల నుంచి వచ్చింది కాబట్టి, కాగితం మీద వేలిముద్ర మాత్రమే వేయగలిగిన మనిషి అందులో ఒక అంకెగానే కనిపిస్తాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు అన్నం మోసిన పేర్లెరుగని స్త్రీల విషయంలోనూ జరిగింది ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన 25 లక్షల మంది భారతీయుల్లో మిగిలిన కొద్దిమంది విషయంలోనైనా దీన్ని ఆపవచ్చు. 1945లో పద్దెనిమిదేళ్ల వయసున్నవారికి కూడా నేడు నూరేళ్లు దగ్గరపడ్డాయి. తరతరాలుగా సైన్యానికి బిడ్డలను పంపినందుకు మిలటరీ మాధవరంగా పేరుపడిన పశ్చిమ గోదావరి జిల్లా గ్రామం నుంచే విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు పని మొదలుపెట్టాలి. ఆ యోధులు లేని ఇళ్లలో వారి భార్యలను, బిడ్డలను అడగాలి: ఏ రేవులో దిగారు, ఏం తిన్నారు, ఎవరికి ఉత్తరం రాశారు, తిరిగొచ్చాక రాత్రులు నిద్ర పట్టేదా?