ఒకే ఒరలో రెండు కత్తులు

1994లో యాపిల్ వాళ్ళు క్వాడ్రా 610 మాకింటాష్‌లో ఒక బోర్డు దూర్చి అమ్మారు. దాని మీద 25 మెగాహెర్ట్‌జ్ 486ఎస్‌ఎక్స్ ప్రాసెసర్. అంటే పక్కా పీసీయే. కాకపోతే సొంత కీబోర్డు లేదు, సొంత డిస్కు లేదు, మాక్ పంచన బతకాల్సిందే. కమాండ్, రిటర్న్ కలిపి నొక్కితే తెర మీద మాక్ పోయి డాస్ (పాత పీసీలను నడిపిన సిస్టమ్) వస్తుంది. మళ్ళీ నొక్కితే డాస్ పోయి మాక్ వస్తుంది.

అలాంటి మెషీన్ ఒకటి నా బల్ల మీదుంది. పాత డాస్ ప్రోగ్రాములన్నీ అందులోనే ఆడించాలని నా పంతం.

మొదటి ఆట, సౌండ్ బ్లాస్టర్ అనే శబ్దాల కార్డు ఏ ఐఆర్‌క్యూలో (అది ప్రాసెసర్‌ని పిలిచే లైను నంబరు) ఉందో చెప్పమంది. అసలా కార్డే లేదు, ఏ నంబరని చెప్పను? ఒక డ్రాయింగ్ ప్రోగ్రామైతే దశాంశాల లెక్కలు చేసిపెట్టే కోప్రాసెసర్ లేనిదే గడప తొక్కనంది. 486ఎస్‌ఎక్స్‌లో అది ఉండదు. ఇంకోదానికి మెమరీ చాల్లేదు. బోర్డు మీద సిమ్ (ఫోన్లోది కాదు, మెమరీ ముక్క) పెట్టకపోతే మాక్ మెమరీలోంచే అప్పు తెచ్చుకోవాలి. ఇస్తే మాక్ నీరసపడుతుంది, ఇవ్వకపోతే డాస్ అలుగుతుంది. కాన్ఫిగ్.సిస్ అనే డాస్ సెట్టింగుల ఫైల్లో పై మెమరీని తెరిచే హైమెమ్ లైను పెట్టి, డ్రైవర్లను పైకి తోసి, డాస్ ప్రోగ్రాములకు దక్కే 640 కేబీలో ఒక్కో కిలోబైటూ ఏరుకుని, చివరికి ఆటను లొంగదీశాను. (ఈ తిప్పలన్నీ ఎందుకు, మామూలు పీసీ తెచ్చుకోవచ్చుగా అనేవాళ్ళతో నేను మాట్లాడ్డం మానేసి చాలా కాలమైంది.)

అప్పుడొచ్చాడు మా బావమరిది. మనిషికి శుభ్రత పిచ్చి. నేను స్నానం చేసి వచ్చేసరికి మాక్ ముందు కూర్చుని ఉన్నాడు.

"బావా, డిస్కంతా చెత్తే. సర్దేశాను. ఒక్క ఫైలే బోలెడంత చోటు తినేసింది. ఎందుకో ఏమిటో తెలీలేదు, ట్రాష్‌లో పడేసి ఖాళీ చేసేశా" అన్నాడు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

ఆ ఫైలే నా సి డ్రైవు. బోర్డుకు సొంత డిస్కు లేదన్నాను కదా, మాక్ డిస్కులోని ఒక పెద్ద ఫైలునే అది హార్డ్ డిస్కుగా వాడుకుంటుంది. డాస్, ఆట, నేను తపస్సు చేసి రాసుకున్న కాన్ఫిగ్.సిస్, అన్నీ అందులోనే. పీసీ ఆపేసి ఉంది కాబట్టి మాక్ కూడా అడ్డు చెప్పలేదు.

వణికే వేళ్ళతో పీసీ స్టార్ట్ చేశాను. నల్లటి తెర, బూట్ డిస్కు పెట్టమని.

"ఒరేయ్, నా పీసీని చెత్తబుట్టలో వేశావురా!"

వాడు నొచ్చుకున్నాడు. మెషీన్ ఆపేసి, మూత తీసి, బోర్డు వైపు వేలు చూపించాడు.

"అదేంటి బావా అలా అంటావ్! ఇక్కడే ఉందిగా. దుమ్ము కూడా దులిపాను."