రుయిజిన్‌కు ఉప్పెవరు అమ్మారు?

దక్షిణ జియాంగ్సీలోని 17 కౌంటీల ఆర్థిక నిర్మాణ సదస్సులో 1933 ఆగస్టులో మావో చేసిన ప్రసంగంలో ఒక ఉప్పు లెక్క ఉంది. గ్వాంగ్‌డాంగ్‌లోని మెయిషియెన్‌లో ఒక యువాన్ పెడితే ఏడు జిన్‌ల ఉప్పు వస్తుంది. కొండలు దాటి కమ్యూనిస్టుల చేతిలోని ఎర్ర ప్రాంతంలోకి వచ్చేసరికి అదే యువాన్‌కు దొరికేది 12 లియాంగ్‌లే. పాత చైనా తూకంలో 16 లియాంగ్‌లు ఒక జిన్. అంటే 112 రావలసిన చోట 12 వస్తున్నాయి, ధర తొమ్మిది రెట్లు దాటింది. నడుమ మిగిలినదంతా వర్తకుడు, దారిలో చెయ్యి చాచినవాడు పంచుకున్నదే.

రుయిజిన్ రాజధానిగా చైనా కమ్యూనిస్టులు నడిపిన ఆ జియాంగ్సీ సోవియట్ 1934 అక్టోబరులో ఎందుకు కూలిందని అడిగితే మనకు అలవాటైన జవాబు యుద్ధతంత్రం గురించి ఉంటుంది. 1935 జనవరిలో పార్టీ జున్‌యీ సమావేశం తేల్చింది కూడా అదే: అప్పటి పార్టీ నాయకుడు బో గు, జర్మన్ సలహాదారు ఒట్టో బ్రౌన్ గెరిల్లా పద్ధతిని వదిలి, ఉన్నచోటే నిలబడి కాచుకునే యుద్ధం చేయించారు, అందుకే ఓడిపోయాం అని. తెలుగు వామపక్ష పాఠకుడికి ఇది కంఠతా వచ్చిన పాఠం. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ జవాబు పద్దుల పుస్తకం జోలికి పోదు. అది తెరిచి చూస్తే, యుద్ధతంత్రం ఎంత బాగున్నా అంత సైన్యాన్ని అంత కొద్ది నేల ఇంకో ఏడాది మోసేదా అన్న సందేహం కలుగుతుంది. మోసేది కాదనే నా అభిప్రాయం.

అంతకుముందు మావో స్థావరమైన జింగాంగ్‌షాన్ కొండల నాటి పద్దులోనే ఈ చిక్కు కనిపిస్తుంది. శరత్కాల పంటల తిరుగుబాటు దెబ్బతిన్నాక మిగిలిన వెయ్యిమంది లోపు జనంతో 1927 అక్టోబరులో మావో అక్కడికి చేరాడు. అప్పటికే ఆ కొండల్లో యువాన్ వెన్‌సాయ్, వాంగ్ జువో అనే ఇద్దరు బందిపోటు నాయకుల దళాలున్నాయి, ఒక్కొక్కరి దగ్గర అరవై తుపాకుల దాకా ఉన్నాయి. యువాన్ వెన్‌సాయ్‌కు వంద తుపాకులిచ్చి మావో స్నేహం కలుపుకున్నాడు. (1930 ఫిబ్రవరిలో ఆ ఇద్దరినీ చంపింది పార్టీయే. చోటిచ్చినందుకు వాళ్లకు దక్కింది అది.) కోటగా చూస్తే కొండ గట్టిదే. చుట్టుకొలత 550 లీలు (లీ అంటే సుమారు అర కిలోమీటరు), కాపలా కాయవలసిన కనుమలు అయిదు. గాదెగా మాత్రం దేనికీ పనికిరాదు. మావో 1928 నవంబరు నివేదిక ప్రకారం కొండ మీద జనం రెండు వేలకు లోపు, పండే ధాన్యం పదివేల దాన్‌లకు లోపు. దాన్ అనే మాటకు అసలర్థం ఒక మనిషి కావడి మోత. సైన్యం తినే తిండంతా కింద నింగాంగ్, యోంగ్‌షిన్, సుయిచువాన్ కౌంటీల నుంచి ఆ కావళ్ల మీదే ఎక్కి రావాలి.

బియ్యం కాక నూనె, ఉప్పు, కట్టెలు, కూరగాయలకు మనిషికి రోజుకు అయిదు సెంట్లు కేటాయించారు. ఆ ఒక్క పద్దే నెలకు పదివేల వెండి యువాన్‌లు దాటేది. అది పూర్తిగా భూస్వాముల నుంచి గుంజుకున్న సొమ్ము. ఒక భూస్వామి ఇంటిని ఒకసారే ఖాళీ చేయగలం. మరుసటి నెల ఇంకో ఊరు వెతుక్కోవాలి, ఆపై నెల ఇంకా దూరం పోవాలి. సైనికులు ‘పెట్టుబడిదారులు నశించాలి, రోజూ గుమ్మడికాయే తినాలి’ అని నవ్వుకునేవారట. 1929 జనవరిలో ఎర్ర సైన్యం కొండ దిగిపోయిందంటే శత్రువు ఒత్తిడితో పాటు ఈ లెక్క కూడా దించింది. దిగాక రెండు నెలలకే ఫుజియాన్‌లోని చాంగ్‌టింగ్ పట్టణం చేతికి చిక్కడం, అక్కడి బట్టతో 4,000 జతల యూనిఫాంలు కుట్టించుకోవడం వాళ్లకు ఎంత పెద్ద సంగతో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

భూమి విషయంలోనూ కొండ మీది అనుభవం పాఠం నేర్పింది. 1928 డిసెంబరు భూచట్టం భూమినంతా స్వాధీనం చేసుకోమంది. సొంత చెక్క ఉన్న రైతుకు కూడా కడుపులో రాయి పడింది. 1929 ఏప్రిల్‌లో షింగ్‌గువో చట్టం దాన్ని సవరించి, ఉమ్మడి భూములకు, భూస్వాముల భూములకు పరిమితం చేసింది. ఈ సవరణ విలువ తెలియాలంటే 1930 మేలో మావో షున్‌వు కౌంటీలో చేసిన సర్వే చూడాలి. అక్కడ భూమిలో 40 శాతం వంశాల, గుళ్ల, ధర్మసంస్థల పేరిట ఉన్న ఉమ్మడి భూమి. 30 శాతం భూస్వాములది, 30 శాతం రైతులది. అంటే రైతు గట్టు ముట్టుకోకుండానే 70 శాతం పంచవచ్చు. మన దేవుడి మాన్యాల్లాగే ఆ వంశ భూముల మీద పెత్తనం కూడా ఊరి పెద్దలదే, కాబట్టి ‘ఉమ్మడి’ అన్న మాటకు మోసపోవలసిన పని లేదు.

1931 నవంబరు 7న రుయిజిన్‌లో చైనా సోవియట్ గణతంత్రం ఏర్పడింది. అప్పటికి జాతీయవాద నాయకుడు చియాంగ్ కై షేక్ చేసిన మూడు ముట్టడి దాడులను కమ్యూనిస్టులు తిప్పికొట్టారు. మొదటి దాడిలో, 1930 డిసెంబరు 30న లాంగ్‌గాంగ్ దగ్గర శత్రు సేనాని జాంగ్ హుయిజాన్‌తో పాటు సగం వైర్‌లెస్ సెట్టు కూడా దొరికింది. పంపే భాగం పగిలిపోయింది, వినే భాగం బాగుంది. శత్రువు మాటలు వినడం అలా మొదలైంది. అదే నెలలో ‘ఏబీ లీగ్’ (బోల్షివిక్ వ్యతిరేక లీగ్) ద్రోహులన్న అనుమానంతో సొంత సైన్యంలో 4,400 మందికి పైగా పట్టుకున్నారని మావో ఉత్తరమే చెబుతుంది. ఫుటియాన్‌లో అది తిరుగుబాటుగా పేలింది. స్థానిక కార్యకర్తల్లో ఎవరు ఏ ఊరివాళ్లో, ఏ ఇంటి గాదెలో ఏముందో తెలిసినవాళ్లు ఆ వేటలో ఎక్కువగా పోయారు. పాలన మీద దాని దెబ్బ తర్వాత చాలాకాలం కనిపించింది.

ఇక పెద్ద పద్దు. సోవియట్ ప్రాంత జనం 30 లక్షలు. 1933 ప్రసంగం ప్రకారం వాళ్లకు ఏటా 90 లక్షల యువాన్‌ల ఉప్పు, 60 లక్షల యువాన్‌ల బట్ట కావాలి. తలకు అయిదు యువాన్‌లు. ఇవి రెండూ బయటి నుంచే రావాలి. బయటికి పోయేది ప్రధానంగా ధాన్యం: 1934 జనవరి లెక్కలో ఏటా 30 లక్షల దాన్‌లు, అంటే తలకు ఒక కావడి. ఆ కావడికి ఏమొస్తుంది? వాన్‌ఆన్, తైహె కౌంటీల్లో రైతు దాన్‌ను అర యువాన్‌కు తెగనమ్మాడు. వర్తకుడు అదే ధాన్యాన్ని గాన్‌జౌలో నాలుగు యువాన్‌లకు అమ్మాడు. గాన్‌జౌ ధర మొత్తం రైతుకే దక్కిందనుకున్నా అయిదు యువాన్‌ల అవసరానికి ఒకటి తక్కువ. రైతుకు దక్కిన అసలు ధరతో చూస్తే ఒక మనిషి ఏడాది ఉప్పుకే ఆరు కావళ్ల ధాన్యం పోయాలి.

ఈ లోటు పూడ్చడానికి వాళ్లు చేసిన ప్రయత్నం చిన్నదేమీ కాదు. రైతు కోతల సమయంలో చేతిలో కాసు లేక కారుచౌకగా అమ్ముకుంటాడు, ఎండాకాలం రాకముందే తిండికి కొనుక్కుంటాడు. దీనికి విరుగుడుగా ధాన్యం సర్దుబాటు కార్యాలయాలు కోతల్లో కొని, కరువు నెలల్లో అమ్మాలి. విదేశీ వాణిజ్య కార్యాలయం (ఇక్కడ ‘విదేశం’ అంటే పక్క కౌంటీయే) టంగ్‌స్టన్, కలప, కర్పూరం, కాగితం, పొగాకు, ఎండు పుట్టగొడుగులు, పుదీనా నూనె అమ్మాలి. వీటిలో అసలు సరుకు టంగ్‌స్టన్. 1932 ఫిబ్రవరిలో మొదలైన ప్రభుత్వ బ్యాంకుకు అధిపతి, మావో తమ్ముడు మావో జెమిన్ ఈ ఖనిజాన్ని కూడా చూసుకునేవాడు. కొనేవాళ్లు గ్వాంగ్‌డాంగ్ యుద్ధప్రభువు చెన్ జితాంగ్ ఏలుబడిలోని వర్తకులు. చియాంగ్ తరఫున దక్షిణ దిక్కు దిగ్బంధించవలసిన మనిషి చెన్ జితాంగే.

పెట్టుబడి కోసం 30 లక్షల యువాన్‌ల ఆర్థిక నిర్మాణ బాండ్లు వేశారు. పది లక్షలు సైన్యానికి, మిగతావి సహకార సంఘాలకు, ధాన్యానికి, వాణిజ్యానికి. నగదు లేనివాళ్లు ధాన్యమిచ్చి కొనవచ్చు. ఆచరణలో చాలాచోట్ల ఊరికింత, ఇంటికింత అని వంతులు వేసి అంటగట్టారు; మావో దాన్ని బహిరంగంగానే తప్పుపట్టాడు. ఆదర్శంగా చూపిన షింగ్‌గువో కౌంటీ చాంగ్‌గాంగ్ టౌన్‌షిప్‌లో 1,500 మంది జనాభాకు 4,500 యువాన్‌ల బాండ్లు అమ్ముడయ్యాయి. తలకు మూడు యువాన్‌లు, సరిగ్గా ఒక మనిషి ఏడాది ఉప్పు ఖర్చు.

ఉప్పు కొనలేనివాళ్లు ఇంట్లోనే వండుకున్నారు. పాత మట్టి గోడల అడుగు భాగం, మరుగుదొడ్ల పక్క నేల, పశువుల కొట్టాల మట్టి గీకి తెస్తారు. తొట్టిలో వేసి నీళ్లు పోసి నానబెట్టి, అడుగున గడ్డి పరిచి వడకడతారు. ఆ నీటిని గంటల తరబడి కాస్తే ఉప్పు ముందుగా అడుగుకు దిగుతుంది. మిగిలిన తేటను చల్లారనిస్తే సూరేకారం సూదుల్లా పేరుకుంటుంది, అది మందుగుండుకు పోతుంది. రెండూ పూర్తిగా విడిపోవు, అక్కడే చిక్కు. సూరేకారం కలిసిన ఆ ఉప్పు చేదుగా ఉంటుంది, కడుపు చెడగొడుతుంది, ఎక్కువైతే మనిషిని పడేస్తుంది. పైగా పాత గోడ మట్టిని ఒకసారి కడిగాక మళ్లీ ఏళ్లు గడవాలి. కట్టెల ఖర్చు సరేసరి. రుయిజిన్ చుట్టుపక్కల ఊళ్లు కొన్నాళ్లు దీనితో నెట్టుకొచ్చాయి, అంతే.

రెండు చట్టాలు గోరుచుట్టు మీద రోకటిపోటయ్యాయి. 1931 కార్మిక చట్టం పెద్దలకు ఎనిమిది గంటలు, 16–18 ఏళ్లవారికి ఆరు, 14–16 ఏళ్లవారికి నాలుగు గంటల పని నిర్ణయించింది. షాంఘై మిల్లును తలచుకుని రాసిన చట్టం అది. చాంగ్‌టింగ్‌లో ఇద్దరు పనివాళ్లతో నడిచే దుకాణానికి దాన్ని వర్తింపజేస్తే దుకాణం మూతపడింది, ఆ దుకాణంతో పాటు బయటి సరుకు వచ్చే దారీ మూసుకుపోయింది. 1933 జూన్‌లో మొదలైన భూమి తనిఖీ ఉద్యమం (దీన్ని నడిపింది మావోయే) మధ్యతరగతి రైతులను కూడా ధనిక రైతులుగా, భూస్వాములుగా ముద్రవేసింది. రేపు తన పేరు ఏ జాబితాలో ఉంటుందో తెలియనివాడు పొలంలో ఎరువు వేయడు. తప్పులు దిద్దడానికి అక్టోబరులో వర్గ నిర్ణయ నియమాలు ప్రకటించారు, 1934లో మళ్లీ తిరగదోడారు.

ఇంతలో చేలల్లో మనుషులు తగ్గిపోయారు. చాంగ్‌గాంగ్‌లో పనిచేసే వయసు యువతీయువకుల్లో వందకు 80 మంది సైన్యంలోకో, ఇతర విప్లవ పనులకో వెళ్లిపోయారని 1934 జనవరిలో మావో గొప్పగా చెప్పాడు. నాగలి పట్టడం ఆడవాళ్ల పని కాదన్న ఆచారం ఉన్న చోట ఆడవాళ్లు దుక్కి నేర్చుకున్నారు. రైతు కుటుంబాల్లో పావువంతుకు ఎద్దు లేదు, అందుకని ఎద్దుల సహకార సంఘాలు పెట్టారు. ఇంత చేసినా సైన్యం తిండి ఆగలేదు: 1934 జూన్‌లో 2.4 లక్షల దాన్‌ల ధాన్యం అత్యవసర సేకరణ, జులైలో మరో 6 లక్షల దాన్‌లు ‘అప్పు’. పంట ఇంకా పూర్తిగా ఇంటికి రాకముందే వచ్చిన పిలుపు అది.

అయిదో ముట్టడి పని పట్టింది ఈ బలహీనతనే. 1933 సెప్టెంబరు నుంచి చియాంగ్ సేనలు కొద్ది లీలు ముందుకు వచ్చి ఆగేవి. కోట బురుజులు కట్టి, వెనక రోడ్డు వేసుకుని, అప్పుడు మళ్లీ కదిలేవి. బురుజుకు బురుజుకు మధ్య దూరం తుపాకీ దెబ్బకు అందేంతే కాబట్టి వర్తకుడి కావడి కూడా దాటలేదు. వెనకున్న పల్లెల్లో ఉప్పును కొలిచి అమ్మారు, కొన్నవాడి ఇంట్లో మిగులుంటే శిక్ష. 1934 ఏప్రిల్‌లో గువాంగ్‌చాంగ్ పట్టణాన్ని కాపాడబోయి ఎర్ర సైన్యం 18 రోజుల్లో 5,500 మందిని నష్టపోయింది. బ్రౌన్ తప్పు అక్కడ స్పష్టంగానే ఉంది. అయితే అంతకు మూడు నెలల ముందే తూర్పు తలుపు మూసుకుపోయింది. ఫుజియాన్‌లో ఉన్న చియాంగ్ పక్షపు 19వ రూట్ సైన్యంతో 1933 అక్టోబరులో కుదిరిన ఒప్పందంలో వాణిజ్యం పునరుద్ధరణ ఒక షరతు. ఆ సైన్యం చియాంగ్ మీద తిరగబడినప్పుడు రుయిజిన్ మనస్ఫూర్తిగా సాయపడలేదు. 1934 జనవరికల్లా తిరుగుబాటు అణగిపోయింది. దాంతోపాటు ఉప్పు వచ్చే దారి ఒకటి పోయింది.

తెలంగాణ సాయుధ పోరాటంతో పోలిక ఇక్కడ నిజంగా ఉంది. 1948లో ఆంధ్ర కమిటీ మావో రచనలను ఉదహరిస్తూ చైనా బాట అని వాదించింది. 1951 ఫిబ్రవరిలో చండ్ర రాజేశ్వరరావు, బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే మాస్కోలో స్టాలిన్‌ను కలిసినప్పుడు ఆయన ఎత్తిన అభ్యంతరం వెనకదన్ను గురించే. మంచూరియా చేరి సోవియట్ సరిహద్దుకు వీపు ఆనించుకున్నాకే చైనా సైన్యం చుట్టుముట్టుళ్ల నుంచి బయటపడిందని, భారత్‌లో అలాంటి చోటు లేదని, పైగా ఇక్కడ రైళ్లున్నాయని చెప్పాడు. ఆ అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. ఆ వాదనలో ఎవరిది రైటన్న తగవు నేటికీ తెగలేదు. స్టాలిన్ లేవనెత్తిన వెనకదన్ను ప్రశ్న మాత్రం రుయిజిన్‌కూ అక్షరాలా వర్తిస్తుంది.

దక్షిణ తలుపు తెరుచుకుంది కూడా, బాగా ఆలస్యంగా. 1934 అక్టోబరు మొదట్లో రుయిజిన్ తరఫున పాన్ హన్‌నియన్, హె చాంగ్‌గాంగ్‌లు షున్‌వులో చెన్ జితాంగ్ మనుషులతో అయిదు అంశాల మీద ఒప్పందానికి వచ్చారు: కాల్పులు ఆపడం, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, దిగ్బంధం ఎత్తివేసి వ్యాపారం సాగనివ్వడం, గాయపడ్డవారికి ఆసుపత్రి, అవసరమైతే దారివ్వడం. మూడో అంశం అమలయ్యే వ్యవధి లేకపోయింది. ఆ నెలలోనే 86,000 మంది ముద్రణ యంత్రాలు సైతం కావళ్ల మీద పెట్టుకుని లాంగ్ మార్చ్‌కు బయలుదేరారు. అక్కరకొచ్చింది అయిదో అంశమే.

తర్వాతి స్థావరం షాన్‌షీ–గాన్సు–నింగ్‌షియా ప్రాంతంలో పరిస్థితి తిరగబడింది. అక్కడ ఉప్పు సరస్సులు వాళ్ల చేతిలోనే ఉన్నాయి, అమ్మేవాళ్లు వాళ్లే అయ్యారు. అయినా 1940లో చియాంగ్ ప్రభుత్వం ఇస్తున్న నిధులు ఆగిపోగానే పాత రోగం బయటపడింది. 1941లో ధాన్యం పన్ను లక్ష్యం ఒక్కసారిగా 2 లక్షల దాన్‌లకు ఎక్కింది. ఆ ఏడాది ఆ ప్రాంత రాజధాని యెనాన్‌లో పిడుగుపడి ఒక కౌంటీ అధికారి చనిపోతే, ఆ పిడుగు మావో మీద ఎందుకు పడలేదని ఒక రైతు తిట్టాడు. ఈసారి వాళ్లు లెక్క చూసుకున్నారు. నవంబరులో సైన్యాన్ని, కార్యాలయాలను కుదించాలన్న తీర్మానం ప్రతినిధుల సభ ముందుకు వచ్చింది. ప్రతిపాదించింది లీ డింగ్‌మింగ్ అనే స్థానిక భూస్వామి. దాన్ని ఆమోదించారు. మరుసటి ఏడు పన్ను 1.6 లక్షల దాన్‌లకు దిగింది.