ఒక్క హాప్ వేసిన ఐపీఏ తాగి చూడండి, తర్వాత మాట్లాడండి

మన శ్రీకాకుళంలో బీరు మాటొస్తే అడిగేవి రెండే, స్ట్రాంగా లైటా, కూలింగ్ ఉందా లేదా. రుచెలా ఉంది అని ఒక్కడూ అడగడు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ మొన్న నేను సింగిల్ హాప్ ఐపీఏ గురించి, అంటే హాప్ అనే పువ్వు ఒక్క రకమే వేసి కాచిన ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు గురించి చెప్తుంటే మావాళ్లు "చేదు బీరుకి అంత డబ్బెందుకురా" అని కొట్టిపారేశారు, అప్పట్నుంచి మనసు ఆగట్లేదు, అందుకే ఇంత పొడుగు పోస్ట్.

ఆమధ్య ప్రశాంతి ఎక్కి బెంగళూరు వెళ్తే అక్కడుండే మా బావ ఓ బ్రూపబ్‌కి, అంటే బీరు అక్కడే కాచి పోసే చోటికి తీసుకెళ్లాడు, మా తమ్ముడూ వచ్చాడు. బోర్డు మీద సింగిల్ హాప్ ఐపీఏ అని, కింద చాక్‌పీస్‌తో మొజాయిక్ అని ఆ హాప్ రకం పేరు రాసుంది. గ్లాసు వచ్చింది, లేత తేనె రంగు, కొంచెం మసగ్గా, పైన తెల్లటి నురగ గ్లాసు అంచుకి అంటుకుని కిందికి దిగట్లేదు. ముక్కు దగ్గర పెట్టుకోగానే బాగా మగ్గిన మామిడిపండు, తొడిమ దగ్గర సొన వాసనతో సహా. "ఏటన్నియ్యా, ఇందులో మామిడి రసం పోసేరేటి?" అన్నాడు మా తమ్ముడు. చుక్క కూడా లేదు, మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు), నీళ్లు, ఈస్టు, ఆ ఒక్క హాప్, అంతే. రెండో గుక్కకి దేవదారు చెక్క లాంటి వాసన తగిలింది, మింగేశాక నాలుక వెనక చేదు మొదలై చాలాసేపు నిలబడింది, ఆ చేదు మళ్లీ ఇంకో గుక్క అడుగుతుంది. చల్లదనం కాస్త తగ్గాక ఇంకా బాగుంది, అప్పటిదాకా దాక్కున్న వాసనలన్నీ పైకొచ్చాయి.

హాప్ అంటే తీగకి కాసే పువ్వు. ఆడ తీగ పువ్వే వాడతారు, దాని రేకుల మధ్య పసుపుపచ్చటి జిగురు పొడి ఉంటుంది, లూపులిన్ అంటారు, చేదూ వాసనా రెండూ అందులోవే. మాల్టు రసంలో వేసి గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది కానీ వాసన నూనెలు ఆవిరితో ఎగిరిపోతాయి, అందుకే ఇంకొంత చివర్లో వేస్తారు, పులిశాక చల్లటి బీరులో మళ్లీ వేస్తే అది డ్రై హాపింగ్. మామూలు ఐపీఏలో మూడు నాలుగు రకాల హాప్‌లు కలుపుతారు, బాగానే ఉంటుంది, కానీ ఏ వాసన దేనిదో తెలీదు. ఒక్కటే వేస్తే తెలిసిపోతుంది. 1972లో అమెరికాలో వచ్చిన కాస్కేడ్ అయితే పంపరపనస తొక్క, సిట్రా అయితే నిమ్మా లిచీ, 2012లో వచ్చిన ఈ మొజాయిక్ అయితే నేను పైన చెప్పినట్టు. మన ఊళ్లల్లో తాటికల్లు తాగే పెద్దలు గుక్క వేసి ఇది పలానా చెట్టుది, ఇది పొద్దున్న దింపింది అని చెప్పేస్తారు చూడండి, ఆ నాలుక మనకీ ఉంది, బీరు దగ్గరే ఎందుకు పక్కన పెట్టేస్తున్నాం?

ఇంకోటి, పేరులో ఇండియా ఉందని ఇది ఇక్కడ పుట్టిందనుకునేవాళ్లు చాలామంది. కాదు, ఇంగ్లండ్‌లో కాచి ఇక్కడి ఈస్టిండియా కంపెనీ వాళ్లకోసం ఓడల్లో ఇక్కడికి పంపేవారు, లండన్‌లో హాడ్గ్‌సన్ బో బ్రూవరీ, తర్వాత 1820ల్లో బర్టన్ ఊరి ఆల్‌సాప్ వాళ్లు. నెలల ప్రయాణం, హాప్ ఎక్కువుంటే బీరు తొందరగా పులిసి చెడిపోదు. అంటే ఆ చేదుకి పనుంది, చేదుగా ఉంది కాబట్టి పాడైపోయిందని గ్లాసు వెనక్కి పంపేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అలాగని తప్పంతా తాగేవాళ్లదే అనను. వేరే ఊళ్లో ఇంకో చోటికి వెళ్తే బోర్డు మీద ఉట్టి ఐపీఏ అని మాత్రమే, ఏ హాప్ అంటే "ఇంపోర్టెడ్ సార్" అన్నాడు కుర్రాడు, ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు పాపం. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టిన మగ్గులో పోసిచ్చారు, అంత చలికి వాసనేం వస్తుంది? కాస్త వేడెక్కాక వచ్చింది కూడా తడిసిన అట్టపెట్టె వాసనే, ఎప్పటిదో ఏమో. హాప్ వాసన రోజులు గడిచేకొద్దీ పోతుంది, కాచిన చోటే తాజాగా తాగొచ్చు అనే కదా బ్రూపబ్‌కి వెళ్లేది! హాప్ పేరు, ట్యాంకులోంచి తీసిన తేదీ, ఈ రెండూ బోర్డు మీద రాయడానికి చాక్‌పీస్ తప్ప ఖర్చేముంది?

వైజాగ్‌లోనూ బ్రూపబ్బులు వచ్చాయి, మనకి రెండు గంటల దారి, తాగి బండి నడపొద్దు, బస్సుకే వెళ్లండి. వెళ్తే మాత్రం ఏ హాప్ అని అడగండి, చెప్పకపోతే కాచేవాణ్ణి పిలవమనండి, మగ్గు వద్దు మామూలు గ్లాసులో పొయ్యమనండి. నాకైతే సిమ్కో అనే హాప్ ఒక్కటే వేసిన ఐపీఏ తాగాలనుంది, మొజాయిక్‌కి తల్లి అదే, ఆ దేవదారు వాసన తల్లి నుంచే వచ్చిందేమో చూడాలి.