ఎర్తు పిన్ను జోలికి పోకండి

“టీవీకి రెండే హెచ్‌డీఎంఐలు ఉన్నాయా? ఈ ఆరు చిట్కాలు పాటిస్తే ఎన్ని బాక్సులైనా పెట్టుకోవచ్చు.” ఈ మెసేజు మా నల్లగొండ గ్రూపులల్ల తిరుగుతనే ఉన్నది. హెచ్‌డీఎంఐ అంటే టీవీ ఎనుక బాక్సుల వైరు గుచ్చే తూటు. దోస్తులు పంపుతున్నరు, చుట్టాలు పంపుతున్నరు, చదువుకున్నోళ్లు గూడ ఒక్కసారి ఆలోచన చేయకుండ ఇంకో గ్రూపుల ఏస్తున్నరు. అండ్ల ఐదు ముచ్చట్లు ఎట్లన్న ఉండనీ, ఒక్కటి మాత్రం పానం మీదికి తెచ్చేది. ఊకుంటే అయ్యేటట్టు లేదని రాస్తున్న.

బంగారు పూత కేబులుతోని బొమ్మ మెరుస్తదట. మెరవది. పైసలు దండుగ.

ఫైర్ టీవీ స్టిక్‌కు, అంటే టీవీకి గుచ్చి యాప్‌లు చూసే చిన్న సామానుకు, అడాప్టర్ అక్కర లేదు, టీవీ యూఎస్‌బీకే గుచ్చమన్నరు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క 500 మిల్లీ ఆంపులు, స్టిక్కుతోని వచ్చే అడాప్టర్ ఇచ్చేది 1 ఆంపు. కొన్ని టీవీలల్ల నడుస్తది, కొన్నిట్ల సినిమా నడుమ బంద్ పడి మళ్ల మొదటికొస్తది. అయినా మీది స్మార్ట్ టీవీ అయితే, అవే యాప్‌లు టీవీలనే ఉంటే, ఆ స్టిక్కు తీసి పక్కకు పెట్టండి. ఒక పోర్టు మిగులుతది.

రెండు బాక్సులకు ఒక స్ప్లిటర్ తెచ్చుకోమన్నది పక్కా తప్పు. స్ప్లిటర్ ఒక బాక్సు బొమ్మను రెండు టీవీలకు పంచేది. మీకు కావాల్సింది స్విచ్, అంటే మూడు ఇన్‌పుట్లు, ఒక ఔట్‌పుట్ ఉన్నది. ఈ మెసేజు నమ్మి స్ప్లిటర్ తెచ్చి, తెర మీద “నో సిగ్నల్” చూసి, షాపాయనతోని కొట్లాట పెట్టుకునుడు ఎందుకు? 4కే బాక్సు ఉన్నోళ్లు స్విచ్ డబ్బా మీద 18 జీబీపీఎస్, హెచ్‌డీసీపీ 2.2 అని ఉన్నదా చూసుకోవాలె. లేకుంటే బొమ్మ 1080కి దిగుతది, లేదంటే తెర మొత్తం నల్లగైతది.

సౌండ్‌బార్ ఏ పోర్టుకైనా పెట్టొచ్చన్నదీ తప్పే. టీవీ సౌండు బయటికి పంపే పోర్టు మీద ఏఆర్‌సీ అని రాసుంటది, దానికే పెట్టాలె. పోర్టులు తక్కువుంటే ఆప్టికల్ కేబులుతోని కలపండి. డాల్బీ డిజిటల్ 5.1 దాక దాంట్ల పోతది.

ఆరో చిట్కా మాత్రం మంచిదే, ఒప్పుకోవాలె. పాత డీవీడీ ప్లేయర్‌ను, హెచ్‌డీ కాని సెట్‌టాప్ బాక్సును పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతోని పెట్టి హెచ్‌డీఎంఐలను మిగిలించుకోమన్నరు. ఆ ఛానళ్లకు అది సరిపోతది. నేను గూడ గిదే చెప్త. కాకపోతే కొత్త టీవీలల్ల మూడు తూట్లకు బదులు హెడ్‌ఫోన్ తూటు లెక్క ఒకటే ఉంటది. దానికి దొరికే వైర్లు అన్నీ ఒక తీరుగ ఉండయి. బొమ్మ రాకుంటే బాక్సు పసుపు తూట్ల ఎరుపు మూతి పెట్టి చూడండి, చాన సార్లు వస్తది.

ఇగ ఐదోది. “వైర్లు పెట్టేటప్పుడు షాక్ కొడుతుందా? ప్లగ్గుకు ఉన్న లావు పిన్ను కోసేయండి, లేదా టూ పిన్ కన్వర్టర్ పెట్టండి. ఎర్తు వల్లనే టీవీ పోర్టులు కాలుతున్నాయి.”

రాసినాయనకు ఎర్తు అంటే ఏందో తెల్వదు. సామాను బాడీకి, అంటే పైన ఇనుప డబ్బాకు, కరెంటు తగిలితే దాన్ని భూమిలకు పంపేదే ఎర్తు. ఆ లావు పిన్ను దానిదే. చేతికి జిమ్ముమనుడు రెండు తీర్లుంటది. సెట్‌టాప్ బాక్సు లాంటి టూ పిన్ సామాన్ల పవర్ సప్లైల ఒక చిన్న కెపాసిటర్ ఉంటది. అండ్లకెల్లి మిల్లీ ఆంపుకు లోపే కరెంటు బాడీకి లీకైతది. బండల మీద ఉత్త కాళ్లతోని నిలబడి పట్టుకుంటే తెలుస్తది, అంతే. రెండోది, కంప్యూటరో పెద్ద ఆంప్లిఫయరో ఎర్తు దొరకక కరెంటును తన ఇనుప డబ్బా మీదనే ఉంచుకునుడు. పిన్ను కోస్తే మొదటిది పోదు, ఆ సామానుకు అసలు ఆ పిన్నే లేదు. రెండోదయితే ఇంకా ఎక్కువైతది. మాడు వాసనొస్తున్నదని పొయ్యి ఆపకుండ ముక్కు మూసుకున్నట్టున్నది.

ఇంకో సంగతి ఎవరూ చెప్తలేరు. హెచ్‌డీఎంఐ వైరు ఇనుప మూతి రెండు సామాన్ల బాడీలను కలుపుతది. నాలుగు బాక్సులు కలిపితే నాలుగింటి బాడీలు ఒకటే అయితయి. ఆంప్లిఫయర్ల ఇన్సులేషన్ పోయి ఫేజు (కరెంటు వచ్చే వైరు) బాడీకి తగిలితే, ఎర్తు మంచిగుంటే కరెంటు ఒక్కసారే భూమిలకు పోయి ఎంసీబీ (కరెంటు ఎక్కువ పారితే దానంతట అదే బంద్ అయ్యే స్విచ్) పడిపోతది. పిన్ను కోసినంక ఎంసీబీకి ఏం తెల్వది. 230 వోల్టులు టీవీ పోర్టు మీద, బాక్సుల మూతుల మీద అట్లనే కూసుంటయి, ఎవరన్న ముట్టుకునేదాక. టీవీ ఎనుకకు చెయ్యి పెట్టి పెన్ డ్రైవ్ గుచ్చేది ఇంట్ల పోరగాండ్లే గదా! ఆ పిన్ను పొడుగు ఊకెనే పెట్టలేదు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిట్ల ముందు తగలాలె, తీసేటప్పుడు ఆఖరుకు ఇడువాలె.

పోర్టులు కాలేది ఎర్తుతోని కాదు. అన్నీ ఆన్ చేసి వైరు గుచ్చుతే, రెండు బాడీల నడుమ వోల్టేజీ తేడా పోర్టుకెల్లి పోతది. అన్ని ప్లగ్గులు తీసి, ముందు హెచ్‌డీఎంఐ పెట్టి, తర్వాత కరెంటు ఇయ్యండి. ఉరుములు ఉరిమినప్పుడు ప్లగ్గుతోపాటు డిష్ కేబులు గూడ తీయండి.

షాక్ కొడితే ఎలక్ట్రీషియన్‌ను పిలువండి. నల్లగొండ, పాలమూరు దిక్కు రాళ్ల నేల, ఎండకాలం ఎర్తు గుంత ఎండిపోతది, నీళ్లు పోస్తుండాలె. కొన్ని పాత ఇండ్లల్ల సాకెట్‌కు మూడో తూటు ఉంటది గని ఎనుక వైరే ఉండది. కొన్ని చోట్ల న్యూట్రల్‌నే, అంటే కరెంటు వాపసు పోయే వైరునే, తెచ్చి దానికి ముడేస్తరు, అది ఇంకా డేంజర్. ఎలక్ట్రీషియన్ ఫేజుకు, ఎర్తుకు నడుమ టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తడు. బల్బు గుడ్డిగ వెలిగితే ఎర్తు బాగలేదన్నట్టే. ఆయన వచ్చినప్పుడే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై బంద్ చేసే స్విచ్) గూడ పెట్టించుకోండి.

ఈ మెసేజు చూసి ఇప్పటికే పిన్ను కోసినోళ్లు ఆ సామాను ఇయ్యాల్టికెల్లి ఆన్ చేయకండి. కొత్త త్రీ పిన్ టాప్ ఏయించి, పచ్చ వైరు లావు పిన్నుకే బిగించిన్రా లేదా మూత పెట్టకముందే చూసుకోండి.